నేను వేపమండ పట్టిన ఏడు

మా మరదలు ఫోన్ చేసి, "వదినా, ఇయ్యాల మామతోని ఏనుగుబండ దాక నడిచొచ్చినం" అని చెప్పిన ప్రతిసారీ నేను "మంచిది" అంటాను. మంచిదని లోపల ఒక్కరోజూ అనిపించలేదు. మరదలంటే మా తమ్ముడి భార్య. మామ అంటే ఆమెకు మామ, నాకు నాయిన. ఏనుగుబండ నేను పుట్టి పెరిగిన ఊరి బాటలో ఉంది, ఆమె ఊరి బాటలో కాదు. ఇవన్నీ లెక్కపెట్టుకుంటూ ఫోన్ పెట్టేసేదాన్ని. ఆ పూట మా ఇంట్లో కూర ఉప్పుకషాయంగా ఉండేది.

నేనుండేది కొంపల్లిలో, ఆరో అంతస్తులో. మా అపార్టుమెంట్ల చుట్టూ నడవడానికి ఎర్రరంగు బాట ఒకటి వేశారు. పొద్దున్నే దాని మీద గుండ్రంగా తిరుగుతాను. ఎంత నడిచినా బయల్దేరిన చోటికే వస్తాను. అదే సమయానికి శామీర్‌పేటలో మా పుట్టింటి నుంచి నాయినా, మరదలూ చెలకల మధ్యగా మేడ్చల్ దిక్కు నడుస్తూ ఉంటారు. నాయినకు ఎనభై దగ్గర పడ్డాయి. ఒక్కడే పోతే ఎక్కడైనా పడతాడని మూడేళ్ళ కిందట ఆమె వెంట వెళ్ళడం మొదలుపెట్టింది. న్యాయంగా అయితే అందుకు నేను ఆమెకు దండం పెట్టాలి. పెట్టలేదు, సరికదా, ఆమెకు ఏదో ఒక పూట నడుం నొప్పి వస్తే బాగుండునని కూడా అనుకున్నాను.

నాయిన తక్కువ మాటల మనిషి. నాతో ఫోన్‌లో "తిన్నవా, పిల్లలు మంచిగున్నరా, సరె" అని మూడు ముక్కలు మాట్లాడి తమ్ముడికి ఇచ్చేస్తాడు. "తొవ్వ పొంటి ఇద్దరు ఏం మాట్లాడుకుంటరు?" అని ఒకసారి మరదలిని అడిగాను, ఏదో మాటవరసకు అడిగినట్టు.

"మస్తు చెప్తడు వదినా. తొవ్వ ఎట్ల ఒడుస్తదో తెల్వది" అంది.

నాకు మూడు ముక్కలు, ఆమెకు మస్తు. ఏం చెబుతాడని అడగడానికి నాకు అభిమానం అడ్డొచ్చింది.

మా ఇంట్లో ఒక ఆచారం ఉంది. మా పెద్దలు మేడ్చల్ వైపు నుంచి వచ్చి శామీర్‌పేటలో నిలిచారు. వాళ్ళ పోచమ్మ మాత్రం అక్కడే ఉండిపోయింది, రైలు పట్టాలకు ఇవతల, మనిషి వంగి దూరాల్సినంత చిన్న గుడిలో. ఏటా ఆషాఢంలో ఒక ఆదివారం ఆమెకు మా ఇంటి నుంచి బోనం పోతుంది. బండి ఎక్కకూడదు, నడిచే పోవాలి. బోనం ఎత్తుకున్న ఆడమనిషికి ముందు వేపమండ పట్టుకుని ఒకరు నడవాలి. ఆ ముందు నడిచేవారికి రెండు కట్టుబాట్లు. తల్లి దగ్గరికి పోతున్నాం కాబట్టి ఎవరినీ దారి అడగకూడదు. వెనక్కి తిరిగి చూడకూడదు. చూస్తే బోనం ఇంటికి మళ్ళినట్టే, పోయి మళ్ళీ వండుకుని మళ్ళీ బయల్దేరాలి.

నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఆ మండ నాయిన చేతిలోనే చూశాను. చిన్నప్పుడు అంత దూరం నడవలేనని నన్ను ఇంటి దగ్గరే ఉంచేవాళ్ళు. పెళ్ళయ్యాక నేను అత్తవారింటి నుంచి ఆటోలోనో కారులోనో నేరుగా గుడికి వెళ్ళేదాన్ని. అక్కడ కాచుకుని ఉంటే తుమ్మచెట్ల మధ్య నుంచి ముందు మండ కనిపించేది, తర్వాత నాయిన తలకు చుట్టిన రుమాలు, తర్వాత బోనం. ఆ వరస చూస్తే నాకు ఏడుపొచ్చేది. ఎందుకో ఎవరికీ చెప్పలేదు.

ఈ ఏడు నాయిన మోకాళ్ళు మొరాయించాయి. అంత దూరం వద్దన్నాడు డాక్టరు. తమ్ముడు ప్లాట్ల పని మీద కారులోనే బతుకుతాడు, వాడికి ఆ బాట తెలియదని వాడే ఒప్పుకున్నాడు. ముందురోజు సాయంత్రం నేను వెళ్ళేసరికి నాయిన వాకిట్లో కుర్చీ వేసుకుని ఉన్నాడు. మరదలు చాటలో బోనం బియ్యం చెరుగుతోంది.

"పొద్దుగాల మండ నువ్వు పట్టు బిడ్డా" అన్నాడు నాయిన. నాతోనే అన్నాడనుకుని తల ఊపబోయాను. ఆయన చూపు మరదలి మీద ఉంది. "బోనం మీ వదిన ఎత్తుకుంటది" అన్నాడు.

"మండ నాకియ్యి నాయిన. బోనం ఆమె ఎత్తుకుంటది" అన్నాను.

"నీకు తొవ్వ ఎరుకేనా?"

"గట్లంటవేంది? అంగడి అంగడికి నీ బండ్ల ఒచ్చిన గద. కండ్లు మూసుకోని పోత."

నాయిన ఏదో అనబోయి ఆగాడు. "వదిననే పట్టనియ్యి మామా, ఇంటి ఆడబిడ్డ గద" అంది మరదలు. ఆమె ఇస్తే నేను పుచ్చుకోవడమా అని కోపం వచ్చింది గానీ పంతం మాత్రం వదల్లేదు.

నేను చెప్పింది అబద్ధం కాదు. నా చిన్నతనంలో నాయిన టమాటలు, వంకాయలు ఎడ్లబండిలో వేసుకుని ఆ బాటనే మేడ్చల్ అంగడికి పోయేవాడు. బడి లేకపోతే నేనూ ఎక్కేదాన్ని. గంపల వెనక, బండి చివర కాళ్ళు వేలాడేసుకుని కూర్చునేదాన్ని. తిరిగి వచ్చేటప్పుడు చీకటి పడేది, ఖాళీ గంపల మధ్య నిద్రపోయేదాన్ని. ఆ బాటలోని బండలు, చెట్లు, వంపులు ఇప్పటికీ నాకు కళ్ళకు కట్టినట్టు ఉంటాయి.

తెల్లవారగానే బయల్దేరాం. మండతో నేను ముందు, బోనంతో ఆమె వెనక. తమ్ముడు నాయినను కారులో గుడికి తెస్తానన్నాడు. చెరువు పక్క నుంచి ఎక్కి, రింగు రోడ్డు కింది నుంచి దాటేదాకా నా నడక చూడాలి. ఊళ్ళో ఆడవాళ్ళు చూస్తున్నారని ఇంకాస్త నిటారుగా నడిచాను. నాయిన కూతురంటే ఇదీ అని నా భుజాలే చెబుతున్నాయి అనుకున్నాను.

రింగు రోడ్డు దాటాక తలతిరిగింది. బాట లేక కాదు. మనుషులు తొక్కి తెల్లబడిన కాలిబాటలు ఒకటి కాదు, మూడున్నాయి. నేను ఏనుగుబండ కోసం చూశాను. నాకు తెలిసిన ఏనుగుబండకు తొండం ఉంటుంది, తొండం పక్కన చిన్న గుండు దాని పిల్లలా ఉంటుంది. నా ముందు ఉన్నవన్నీ మొండి బండలు. నాకు తెలిసిన చింతచెట్టు ఒక పక్కకు వంగి ఉంటుంది. ఇక్కడ ఏ చెట్టూ వంగి లేదు. ఎవరో నా బాటను ఎత్తుకుపోయి దాని చోట ఇంకొకటి పరిచినట్టుంది. నిలబడితే వెనక ఆమెకు అర్థమైపోతుందని, తెలిసినదానిలా నడిమి బాట పట్టాను. అది పోయి పోయి ఒక వెంచర్ గోడకు తగిలింది.

గోడ దగ్గర కుర్చీలో ఉన్న వాచ్‌మన్ లేచి, "ఏడికి పోవాలమ్మా?" అన్నాడు. అడగకూడదు కదా, నేను గోడ వంకే చూస్తూ నిలబడ్డాను. ఎండ వీపు మీద చురుక్కుమంటోంది. వెనక ఆమె ఊపిరి వినిపిస్తోంది. ఆమె తల మీద కుండెడు అన్నం, దాని మీద దీపం. గుడి దాకా దించడానికి లేదు. నా పంతానికి ఆమె మెడ నలుగుతోందని తెలుస్తూనే ఉంది. అయినా "నాకు తెల్వదు" అన్న మాట నా నోటికి రాలేదు.

"మెడ గుంజుతాందా?" అన్నాను, తిరగకుండానే.

"ఏం లేదు వదినా." తర్వాత మెల్లగా అంది, "నీకు యాదికున్నదా, నీ కాలి పట్టీ పడిపోయిన కాలువ? గది గీ గోడకు ఎడమదిక్కే ఉన్నది ఇప్పటికి."

నేను ఎడమకు తిరిగాను. కాలువ ఉంది. నా పట్టీ పోయిన సంగతి నాకే చెబుతోంది చూడు అని ఒళ్ళు మండింది. అక్కడి నుంచి గుడి దాకా ఆమె ఒక్కసారి కూడా ఇటు పో, అటు పో అనలేదు. "నువ్వు సీతాఫలం కావాలని బండి ఆపిపిచ్చిన గడ్డ ఒస్తాంది" అనేది. "నువ్వు ఉరుముకు భయపడి గంప కింద దూరింది గా చింతచెట్టు కాడనేనంట" అనేది. నేను అటు నడిచేదాన్ని. వాటిలో సగం నాకు గుర్తే లేవు. నా చిన్నతనం ఆమె కొంగున కట్టుకుని తిరుగుతున్నట్టు అనిపించింది. ఆమె మీద అంత కుళ్ళు నాకు అంతకుముందెప్పుడూ లేదు.

గుడి దగ్గర నాయిన కారు పక్కన కూర్చుని ఉన్నాడు. మమ్మల్ని చూసి, "గోడకాడ ఆగినరా?" అని మాత్రం అడిగాడు. బోనం దించాక మరదలి మెడ నరాలు బిగుసుకుపోయి ఉన్నాయి. తల తిప్పలేక భుజాలతో సహా తిరుగుతోంది. నేను మండను పోచమ్మ ముందు పెట్టి, ఆ పొద్దున మొదటిసారి వెనక్కి తిరిగాను.

దూరంగా ఏనుగుబండ ఉంది. తొండంతో, పక్కన పిల్లతో. దానికి ఇవతల చింతచెట్టు, అలాగే వంగి. వంపులన్నీ నేను దాచుకున్నవి దాచుకున్నట్టే ఉన్నాయి.

నాయిన నా మొహం చూసి నవ్వాడు. "నువ్వు బండికి ఎనకనే కూసుంటివి. ఎడ్లంటె నీకు భయం. ముంగటి తొవ్వ నువ్వేడ జూసినవ్ బిడ్డా?"

"మరి నిన్న ఎందుకు చెప్పలేదు?"

"చెప్తె ఇంటివా?"

తిరుగు దారిలో కారెక్కవచ్చు, దానికి కట్టుబాటు లేదు. నేను ఎక్కలేదు. "నడిచిపోదాం రా" అన్నాను మరదలితో. ఆమె పాపం మెడ పట్టుకునే వచ్చింది. ఈసారి నేను నిజంగానే ముందు నడిచాను. ఎక్కడా ఆగలేదు. ప్రతి బండా నాకు ఎదురొచ్చి పలకరించింది. నాకు తెలిసినవి ఆమెకు చూపించాలని ఒకటే ఆత్రం. కానీ నేను "ఇగో, ఇక్కడనే" అని మొదలుపెడితే చాలు, మిగతాది ఆమె పూర్తి చేసేది.

"ఇవన్ని నీకెట్ల ఎరుక?" అన్నాను చివరికి, ఏనుగుబండ నీడలో కూర్చున్నప్పుడు.

"మామనే చెప్తడు. ఇంకేం చెప్తడు వదినా? మూడేండ్ల సంది నీ ముచ్చట్లే. ఏడ ఏడ్సినవ్, ఏడ నవ్వినవ్, ఏడ నీళ్ళడిగినవ్. గా గుర్తులు పట్టుకోనే నాకు తొవ్వ అలవాటైంది." ఆమె కొంగుతో మెడ అద్దుకుంది. "నాకైతె కడుపు మండుతుండె. ఎనకంగ నడిచేది నేను, పడకుంట పట్టుకునేది నేను. గింత పొడుగు తొవ్వల నా ముచ్చట ఒక్కటి లేదు. ఇంటికొచ్చి నీకు ఫోన్ జేస్తె నువ్వేమో మంచిది అంటుంటివి. ఇంకింత మండుతుండె."

నాయిన మాటలన్నీ ఆమెకే దక్కుతున్నాయని మూడేళ్ళు కుళ్ళుకున్నాను, ఆ మాటలన్నీ నా గురించేనట. వాటిలో ఉన్నదంతా నేనేనని ఆమె కుళ్ళుకున్న సంగతి నాకు తెలియనే తెలియదు. ఆమె మెడ మీద చెయ్యి వేసి కొంచెంసేపు రుద్దాను. వద్దనలేదు.

"ఒచ్చే ఏడు మండ నువ్వే పట్టు. బోనం నేను ఎత్తుకుంట" అన్నాను. ఇంటికి పోయాక నాయినకూ అదే చెప్పాను.

"నేను ఇచ్చింది గట్లనే గద. నడుమ నువ్వే గుంజుకుంటివి" అన్నాడు నాయిన.

మరునాడు పొద్దున్న ఎర్రబాట మీద నడుస్తుంటే మరదలి ఫోన్ వచ్చింది. "వదినా, ఇయ్యాల మామ కాళ్ళు నొస్తున్నయని ఎటు పోలే. వాకిట్ల కూసోని పక్కింటామెకు ముచ్చట చెప్పుకుంట ఒకటే నవ్వుడు. మా బిడ్డ మండ వట్టుకోని గోడకాడ నిలవడ్డదంట, మా కోడలు బోనం ఎత్తుకోని గంటసేపు కదలలేదంట. గంట ఏడిది వదినా, పావుగంట గూడ లేదు." ఆమె గొంతు వెలిగిపోతోంది.

ఆ ముచ్చట వాచ్‌మన్‌తో సహా నాదే అవుతుందనుకున్నాను. సగం ఆమెకు పోయింది.

"మంచిది" అన్నాను. ఈసారి సగం నిజంగానే అన్నాను.