అంచు కోసిన పులి కార్డులు

ఆదిలాబాద్ నుంచి కరీంనగర్ పోయే బస్సుల నా పక్కన ఒకామె కూసున్నది. సంచిలకెల్లి గ్రీటింగ్ కార్డుల కట్ట తీసి, ఒక్కో కార్డు కుడి అంచు కత్తెరతోని కోస్తున్నది. అన్నిటి మీద ఒకటే పులి ఫొటో. మంచిగున్న కార్డులను ఎవరన్న కోసుకుంటరా? దొంగ సరుకేమో, అచ్చేసినోళ్ల పేరు తీసేస్తున్నదేమో అనుకున్న. నా బ్యాగు ఒళ్లెకు గుంజుకున్న.

"గీ ఫొటో ఏడ తీసిండ్రక్కా?" అని అడిగిన.

ఆమె కత్తెర ఆపింది. "నేనే తీసిన. ఏడనో నీకెందుకు చెల్లె? మీదే ఊరు?"

మా ఊరు చెప్పబుద్ధి కాలే. అడివికి దూరమున్న హుస్నాబాద్ అని అబద్ధమాడిన.

అప్పుడు ఆమె జర నిమ్మలపడ్డది. "ఈ అంచుల ఫొటో తీసిన జాగ గుర్తువడ్తున్నది. అచ్చేసినంక చూసుకున్న. తెలిసినోడు చూస్తే పోయి ఉచ్చు పెడ్తడు" అని ఒక కార్డు నా చేతుల పెట్టింది. "ఎవరికన్న పుట్టినరోజుకు ఇయ్యి."

నేను నమ్మలే. ఆమె దిగిపోయినంక, సీటు కింద పడ్డ ముక్క ఒకటి తీసి కార్డు పక్కన పెట్టి చూసిన. పులి వెనుక పసుపు పూసిన రాయి, దాని పక్కన మూతి పగిలిన మా నీలం డ్రమ్ము. అది మా చేను ఒడ్డు.

ఆ కార్డు ఎవరికీ ఇయ్యలే. వానకాలంల బాపు, అడివి పందులకు చేను చుట్టూ కరెంటు తీగ కడ్తనన్నడు. తీగ వద్దు, పొద్దుగూకినంక ఒక్కనివే చేనుకు పోవద్దు అన్న. ఎందుకని అడిగితే చెప్పలే. ఆ బస్సుల నేను ఆమెను చూసినట్టే, బాపు నన్ను చూసిండు.