దాకా అంటే అన్నం

బావమరిది సంపత్ కొత్త క్వార్టరుకు మారి ఇన్నాళ్ళయినా చూడలేదని ఇంట్లో మాటపడి, గోదావరిఖని వెళ్దామని శనివారం పొద్దున సికింద్రాబాదులో రైలెక్కాను. ఎదుటి సీటులో రిటైరైన గని కార్మికుడొకాయన.

"ఖనిల చూసేటందుకు ఏమున్నది బిడ్డా? బొగ్గు చూస్తవు, మా దగ్గు వింటవు" అన్నాడు.

మధ్యాహ్నం రామగుండంలో దిగి, షేర్ ఆటోలో గోదావరిఖని చేరాను.

సంపత్ ఓపెన్‌కాస్టు గనిలో డంపరు నడుపుతాడు. భార్య ఫూల్మణిది జార్ఖండ్. ఇంటిభాష సంతాలీ. ఆ కాలనీలో అది మాట్లాడేది ఆమె, రెండేళ్ళ కొడుకు చందు, అంతే.

"మా అత్తకు వేరే భాష రాదు బావ. రోజూ ఫోన్ల మనుమడు మాట్లాడితేనే ఆమెకు ముద్ద దిగుతది" అన్నాడు సంపత్.

భోజనాల దగ్గర చందు కంచం చూపించి "దాకా" అన్నాడు. వాళ్ళ భాషలో అన్నమట. కోడిని "సిమ్" అంటారని కూడా తెలిసింది. నాకింకేం కావాలి?

"ఎందాకా పెట్టాలె అల్లుడా, గోదారి దాకానా? మీ సిమ్ గుడ్లు పెట్టాలంటే రీచార్జి చెయ్యాల్నా?"

పక్కింటివాళ్ళు కూడా వచ్చి నవ్వారు. వాడు "దాకా" అన్నప్పుడల్లా నవ్వాం. ఫూల్మణి కూడా నవ్వింది. తృప్తిగా పడుకున్నాను.

ఆదివారం పొద్దున అమ్మమ్మ వీడియో కాల్. తిన్నావా అని కాబోలు, మనవడిని ఏదో అడిగింది. "దా..." అన్నాడు చందు. ఫూల్మణి వాడి నోటిమీద చెయ్యి పెట్టింది.

"బువ్వ అను బిడ్డా. గట్లంటె మామ నవ్వుతడు."

"బువ్వ" అన్నాడు వాడు. ముసలావిడ మళ్ళీ అడిగింది. మళ్ళీ "బువ్వ". ఆవిడ ఫోను చెవి దగ్గరికి తెచ్చుకుంది. తెరంతా చెవే.

నా టీ అలాగే చల్లారింది. "తప్పయింది చెల్లె. వాని మాట వానిని అననియ్యి" అన్నాను.

"గట్లేం లేదన్నా. రేపు బడికి పోతే పిల్లలు గూడ నవ్వుతరు గద" అంది, ఇంకొంచెం ఉప్మా వడ్డిస్తూ.

పరిస్థితి చక్కదిద్దుదామని నేనే గంభీరంగా "దాకా" అన్నాను. చందు పడిపడి నవ్వాడు. ఆ మాటకు నవ్వడం బాగా పట్టుబడింది వాడికి.

మధ్యాహ్నం సంపత్ స్టేషన్లో దింపాడు. "మళ్ళ ఎప్పుడొస్తవు బావ? నువ్వుంటే ఇల్లంత నవ్వులే." రైలు కదిలేదాకా చెయ్యి ఊపుతూనే ఉన్నాడు.

గోదావరిఖని వెళ్ళదలచినవారికి: రైళ్ళున్నాయి, ఆటోలు దొరుకుతాయి, భోజనానికి లోటుండదు. అక్కడివాళ్ళు ఇంటికొచ్చినవాణ్ణి ఒక్క మాట అనరు. దానికి మాత్రం సిద్ధపడి వెళ్ళండి.