పైకప్పు లేని మధ్యాహ్నం

ఎండలకు పేరుమోసిన చంద్రపూర్‌లో పుట్టి పెరిగి, ఎడారి చూడటానికి విమానమెక్కి పోయినవాళ్లం మేం. దీపావళి సెలవుల్లో అమ్మా బాపులతో ఈజిప్టు పోతున్నానని చెబితే, నేను పాఠాలు చెప్పే బడిలో స్టాఫ్‌రూమ్ మొత్తం పడిపడి నవ్వింది. ఇక్కడి ఎండ సరిపోవట్లేదా మేడం, అని మరాఠీలో ఒకటే వెక్కిరింపు. నవ్విన నాపచేనే పండుతుందిలే అనుకుని ఊరుకున్నాను. నాకు కోపం తొందరగా వస్తుంది కానీ, ఆ వారం రాలేదు.

ఇప్పుడు ఆ పదిరోజులు తలచుకుంటే ఏది ముందో ఏది వెనకో సరిగా గుర్తుకు రాదు. నది మీద తెల్ల తెరచాపలు, పుదీనా ఆకు వేసిన టీ, సందుల్లో రాగి గిన్నెల మీద సుత్తి చప్పుడు, ఇసుక రంగు గోడలు, ఇసుక రంగు గాడిదలు. అన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి, అన్నం తిని కునుకు తీసినప్పుడు వచ్చే కలలాగా మిగిలాయి. ఒక్క మధ్యాహ్నం మాత్రం నిన్న జరిగినంత స్పష్టంగా ఉంది. దాని గురించి చెప్పాలంటే ముందు బాపు చేతికర్ర గురించి చెప్పాలి.

బాపు బొగ్గుబాయిలో పనిచేశాడు. ఆదిలాబాద్ దిక్కు నుంచి పెళ్లికి ముందే వచ్చి, ముప్పై ఏళ్లు భూమి కిందికి దిగి ఎక్కాడు. బాయిలో ఏ చోటైనా కూర్చోవాలన్నా, నిలబడాలన్నా ముందు పైకప్పును ఇనుప కడ్డీతో కొట్టి చూడాలి. ఖణ్‌మని మోగితే గట్టిది. దబ్‌మని బోలుగా మోగితే లోపల రాయి విడిపోయిందని అర్థం, అక్కడి నుంచి పరుగెత్తాలి. కడ్డీ ఎవరి చేతిలో ఉంటే వాళ్ల చెవి మీద పక్కవాడి ప్రాణం ఉంటుంది. ఒకరోజు అన్నం వేళకు కప్పు కూలి బాపు జోడీ పోయాడు. ఇద్దరూ పద్దెనిమిదేళ్లు ఒకే చోట పనిచేసినవాళ్లు. నేను ఆయన్ని మామా అని పిలిచేదాన్ని. బాపు నాలుగడుగుల దూరంలో నీళ్ల సీసా కోసం వెళ్లి బతికాడు.

ఆనాటి నుంచి బాపు మంచం మీద నడుం వాల్చలేదు. పన్నెండేళ్లు. పడకగది దర్వాజ కింద కుర్చీ వేసుకుని, చౌకట్టుకు వీపు ఆనించి, కూర్చునే కునుకు తీస్తాడు. ఏది కూలినా చౌకట్టు నిలబడుతుందట. ఆ తలుపు పన్నెండేళ్లుగా మూయలేదు. ఇంట్లో ఏ గదిలోకి పోయినా ముందు పైన కొట్టి చూస్తాడు. రిటైరయ్యాక కడ్డీ బదులు చేతికర్ర కొన్నాడు, కాళ్లు రెండూ నిక్షేపంగా ఉండగానే. డాక్టర్లు మాత్రలు ఇచ్చారు, పాస్టరుగారు ప్రార్థన చేశారు. అమ్మ మంచం మీద ఒక్కతే పడుకుని, కుర్చీ కిర్రుమన్నప్పుడల్లా లేచి చూసేది. అలా ఆమె నిద్రా చెడింది.

ఆరుబయట పడుకోవచ్చు కదా అనొచ్చు మీరు. చంద్రపూర్‌లో మేముండే దుర్గాపూర్ వైపు ఆరుబయట ఎవరూ పడుకోరు. పవర్‌హౌస్ వెనక పొదల్లోంచి చిరుతలు మా కాలనీలోకి వస్తాయి, కుక్కల్ని ఎత్తుకుపోతాయి, అప్పుడప్పుడు పులే వస్తుంది. మిద్దె మీద పడుకుందామంటే తెల్లారేసరికి దుప్పటి మీద పవర్‌హౌస్ బూడిద. అందుకే టూరు కంపెనీ పుస్తకంలో ఎడారి ఫొటో చూసి అమ్మ దాని మీద వేలు పెట్టింది.

"ఈడ పైన ఏం లేదు సూడు బిడ్డా. పులి గూడ లేదు. మీ బాపును గీడికి తీస్కపోదాం. ఒక్కనాడన్న నడుం వాల్చి పండుకుంటే సూడాలె నేను."

బాపుకు మాత్రం ఆ మాట చెప్పలేదు. చిన్నప్పటి నుంచి చర్చిలో వింటున్న ఐగుప్తును కళ్లారా చూడాలని ఉందని చెప్పింది. అదీ అబద్ధం కాదు. బాపు చేతికర్ర తుడుచుకున్నాడు.

నాగపూర్ నుంచి బయల్దేరిన ఇరవై మంది గుంపులో తెలుగువాళ్లం మేం ముగ్గురమే. కైరోలో దిగగానే మా గైడు, పొడుగ్గా, గిరజాల జుట్టుతో, చేతిలో పసుపు జెండా పట్టుకుని నిలబడి ఉన్నాడు. కర్ర చూసి బాపుకు నడక కష్టమనుకుని చక్రాల కుర్చీ తెప్పించాడు. బాపు దాన్ని ఎగాదిగా చూసి, కర్ర చంకలో పెట్టుకుని అందరికంటే ముందు నడిచాడు. కుర్చీలో అమ్మ కూర్చుంది. "ఐగుప్తుల నన్ను రాణి లెక్క తీస్కపోతుండ్రు" అని విమానాశ్రయం దాటేదాకా మురిసిపోయింది.

హోటలు గదిలో మొదటి పనిగా బాపు మంచమెక్కి నిలబడి పైకప్పు నాలుగు మూలలా కొట్టాడు. పైగది వాళ్లు కిందికి ఫోన్ చేశారు. మనిషొకడు వచ్చి ఏమిటని అడిగితే నేను దోమలని చెప్పాను. సిగ్గుతో చచ్చిపోయాను. ఆ పూట బాపు మీద నాకు నిజంగా కోపం వచ్చింది. ఇన్ని వేల మైళ్లు వచ్చీ మనిషి దర్వాజ కిందికే కుర్చీ లాక్కున్నాడు. అమ్మ మాత్రం వేళ్ల మీద రోజులు లెక్కపెట్టుకుంది. ఫొటోలోని ఎడారి ఇంకా ఐదు రోజుల దూరంలో ఉంది మరి.

అసలు తమాషా లక్సర్‌లో జరిగింది. అక్కడ కొండల్లో పూర్వం రాజుల్ని పెట్టిన సమాధులు ఉన్నాయి. కొండను తొలిచి, కిందికి ఏటవాలుగా దారి చేసి, గోడలనిండా బొమ్మలు వేశారు. అందరూ బొమ్మలు చూస్తుంటే బాపు దారిని చూశాడు. "అచ్చం బాయే. మంచిగ తీసిండ్రు పని" అన్నాడు, తన పాత దోస్తు కనబడినట్టు మొహం వెలిగిపోయి. మరుక్షణం చేతికర్ర ఎత్తి కప్పు మీద ఠకఠకా కొట్టాడు. కాపలావాడు కేక వేశాడు. ఇంకో ఇద్దరు పరుగెత్తుకొచ్చారు. ఎవరూ వేలు పెట్టకూడని చోట మా బాపు కర్రతో కొట్టాడు.

గైడు వాళ్ల కాళ్లావేళ్లా పడి మా ముగ్గురినీ బయటికి తీసుకొచ్చి, బాపు కర్ర లాక్కున్నాడు. బాపు సమాధి దర్వాజకు అడ్డంగా నిలబడి, కొట్టి చూడనిదే నన్నూ అమ్మనూ మళ్లీ లోపలికి పోనివ్వనన్నాడు. వెనక క్యూ పెరిగిపోయింది. నేను ఇంగ్లిషులో విషయమంతా చెప్పాను, బాయి, కప్పు, మామ, కుర్చీ, అన్నీ. గైడు విన్నాడు. కాసేపు జెండా కర్రతో వీపు గోక్కున్నాడు. తర్వాత బాపును ద్వారం బయట, బొమ్మలేవీ లేని ఉత్త కొండరాయి దగ్గరికి తీసుకుపోయి కర్ర చేతికిచ్చాడు. బాపు కొట్టాడు, చెవి పెట్టి విన్నాడు, తలూపాడు.

"పాపా, ఓకే?" అని అడిగాడు గైడు, సొంత నాన్నను పిలిచినట్టు.

"ఓకే."

ఆ తర్వాత ప్రతి సమాధి దగ్గరా అదే వరస. గైడు జెండా ఎత్తి అందరినీ ఆపేవాడు. బాపు బయటి రాయిని కొట్టి ఓకే అనేదాకా నాగపూర్ వాళ్లు ఒక్కరూ అడుగు వేసేవాళ్లు కాదు. మొదట్లో వేళాకోళానికే. మూడో సమాధి దగ్గరికొచ్చేసరికి, ఒకావిడ తన కొడుకును చేయి పట్టి వెనక్కి లాగి, కాకా ఇంకా చెప్పలేదు ఆగు, అంది. బాపు మొహంలో గర్వం చూసి నాకు ముచ్చటేసింది. అమ్మ మాత్రం నా చెవిలో, "గీయన కొట్టుడు బందైతదనుకుంటే ఐగుప్తు మొత్తం నేర్సుకుంటుంది" అంది.

ఎడారికి కైరో నుంచి పొద్దున్నే బస్సులో, ఆపైన జీపుల్లో వెళ్లాం. దారిలో నేల నల్లగా, తర్వాత పసుపుగా, ఆ తర్వాత తెల్లగా మారింది. నల్లగా ఉన్నంతసేపూ మా ఊరి పక్క ఘుగ్గుస్ రోడ్డు మీద పోతున్నట్టే ఉంది, బొగ్గు లారీలు లేవంతే. తెల్లనేల మొదలయ్యాక ఎవరూ మాట్లాడలేదు. సుద్దరాళ్లు నేలలోంచి పైకి లేచి నిలబడ్డాయి, ఒకటి కోడిలా, ఒకటి కూర్చున్న ముసలమ్మలా. వాటి మధ్య గాలి కూడా చప్పుడు చేయకుండా నడుస్తున్నట్టు అనిపించింది. నేను మేలుకుని ఉన్నానో లేదో అనుమానమొచ్చి ఇసుక గుప్పిట్లోకి తీసుకుని చూశాను. చల్లగా ఉంది.

జీపుల పక్కన తివాచీలు పరిచారు. రొట్టెలు, చిక్కుడుగింజల కూర తిన్నాం. బాపు తిని లేచి, అలవాటు కొద్దీ కర్ర పైకెత్తాడు. కర్ర పైనే ఉండిపోయింది. తగలడానికి అక్కడ ఏమీ లేదు. నీలం తప్ప ఏమీ లేదు. బాపు తలెత్తి అటూ ఇటూ చూశాడు, మళ్లీ ఒకసారి కర్ర కదిపాడు, నెమ్మదిగా దించాడు. దాన్ని ఇసుకలో పడుకోబెట్టి, పక్కనే తనూ వెల్లకిలా పడుకున్నాడు.

అమ్మా నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. చూసుకుంటే ఏమైపోతుందోనని భయం. కాసేపటికి గురక వినబడింది. పన్నెండేళ్ల తర్వాత మా ఇంటి గురక. అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

ఇసుకగుట్ట ఎక్కడానికి వేళైందని గైడు వచ్చాడు. అమ్మ చెయ్యి ఎత్తి, "లేపకు నాయనా" అంది తెలుగులో. అతనికి అర్థమైంది. మాకు ఒక జీపు వదిలి, మిగతా వాళ్లను తీసుకుని చప్పుడు లేకుండా వెళ్లిపోయాడు. నాగపూర్ వాళ్లు కూడా చెప్పులు చేత్తో పట్టుకుని నడిచి పోయారు.

జీపు నీడ తొలగి ఎండ బాపు మొహం మీదికి జరిగింది. అమ్మ కొంగు రెండు చేతులతో పట్టి ఆయన మీద పందిరిలా చాచింది. మళ్లీ ఏమనుకుందో, గబుక్కున వెనక్కి తీసుకుంది. "మీద కప్పేసినట్టైతది, మెలకువొస్తది" అని నాతో గుసగుసగా చెప్పి, లేచి అటు పక్కకు పోయి, తన నీడ ఆయన మొహం మీద పడేలా కూర్చుంది. పొద్దు జరిగినకొద్దీ తనూ జరిగింది. ఆ మధ్యాహ్నం ఎంతసేపు సాగిందో నాకు తెలియదు. ఇప్పటికీ కళ్లు మూసుకుంటే ఆ తెలుపులో అమ్మ కొంచెం కొంచెంగా జరుగుతూనే ఉంటుంది.

నీడలు బాగా సాగాక బాపు కళ్లు తెరిచాడు. లేవలేదు. ఆకాశంకేసి చూస్తూనే మాట్లాడాడు.

"ఆనాడు కొట్టి చూసింది నేనే."

అమ్మ ఆయన మీదికి వంగింది.

"మంచిగనే మోగింది. ఖణ్‌మన్నది. మంచిగున్నది, కూసోరా, అన్నం తిను అన్న. నేను చెప్పినందుకు కూసున్నడు వాడు."

పన్నెండేళ్లుగా ఆయన కప్పును నమ్మడం లేదనుకున్నాం మేం. ఆయన నమ్మనిది తన చెవిని. నాకు దుఃఖం ఆగలేదు. హోటల్లో విసుక్కున్నది గుర్తొచ్చి నా మీద నాకే అసహ్యమేసింది. అమ్మ ఆయన జుట్టులో ఇసుక దులిపి, నీళ్లు అందించింది. జీపులో తిరిగొస్తూ దారి పొడవునా ఆ కర్ర తన ఒళ్లోనే పెట్టుకుంది.

ఆ రాత్రి కైరో హోటల్లో బాపు మళ్లీ కుర్చీ లాక్కున్నాడు. నాకు ఆశ చచ్చిపోయింది. అంత దూరం పోయి తెచ్చుకున్నది ఒక్క మధ్యాహ్నం నిద్రేనా అనుకున్నాను.

ఇల్లు చేరిన తర్వాతి ఆదివారం. చర్చి నుంచి వచ్చి అన్నాలు తిన్నాం. బాపు దర్వాజ కింద కుర్చీ సర్దుకుంటున్నాడు. అమ్మ గదిలోకి పోయి, మంచం మీద స్టూలు పెట్టి, కొంగు నడుముకు చుట్టి పైకెక్కింది. పడతావని నేను స్టూలు పట్టుకున్నాను. చేతికర్రతో పైకప్పు నాలుగు మూలలా కొట్టింది, నడుమ ఇంకోసారి కొట్టింది, చెవి వంచి వింది. దిగింది.

"మంచిగున్నది. వచ్చి పండుకో."

"నీకేం తెలుసే?" అన్నాడు బాపు.

"పన్నెండేండ్లసంది ఇంటున్న గా సప్పుడు. నాకు తెల్వదా? ఇగ కొట్టి చూసేది నేను. నువ్వు చెప్తే వాడు కూసున్నడు. నేను చెప్తున్న, నువ్వు పండుకో. నేను గూడ గీ కప్పు కిందనే పండుకుంట. ఏమన్నైతే నా మీద."

అమ్మ గోడవైపు జరిగి పడుకుంది. ఆయన భాగం ఖాళీగా వదిలింది. బాపు చాలాసేపు చౌకట్టు పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత వెళ్లి మంచం అంచున కూర్చున్నాడు. ఒక కాలు పైన పెట్టాడు. రెండోది పెట్టాడు.

"నడుమ కొట్టినవా?" అని అడిగాడు.

"కొట్టిన."

బాపు తల దిండు మీద పెట్టాడు. నేను దర్వాజలోంచి కుర్చీ తీసి, బయట పెట్టి, తలుపు దగ్గరికి వేశాను.