గుట్టల డిప్ప

మొన్న రాయపూర్‌లోనే ఒక మిత్రుడి కొత్త ఆఫీసు ప్రారంభానికి వెళ్తే, బల్ల మీద పళ్ళెంలో నీళ్లు పోసి ఇత్తడి తాబేలును ఉంచారు. ఉత్తరం వైపు చూస్తోంది. సంపద అటునుంచే రావాలట! నేను దాన్ని బయటికి తీసి, జేబురుమాలుతో కాళ్లు తుడిచి, పొడిబల్ల మీద పెట్టాను. ఇక ఉపన్యాసం మొదలవుతుందని అందరూ కూర్చున్నారు. ఉపన్యాసం లేదు. మూఢనమ్మకాల మీద ఉపన్యాసాలు దంచడం నా పాత అలవాటు.

పదిహేనేళ్ల కిందట ఈ ఊళ్లోనే గుఢియారీ పేటలో శ్రీకాకుళం వైపు మనిషొకాయన బట్టల కొట్టు నడిపేవాడు. కొట్లో, వేలెడు లోతు నీళ్లతొట్టిలో, ప్రాణమున్న తాబేలు. నీడలోనే బతుకు, మేత అన్నమూ బ్రెడ్డూ. నున్నగా ఉండాల్సిన డిప్ప గుట్టలు గుట్టలుగా లేచింది. ప్రతి గుట్ట మీదా కుంకుమ బొట్టు! ఒక ప్రాణి వైకల్యానికి మొక్కడం కంటే సిగ్గుచేటు ఏముందని వారం రోజులు వెళ్లి వాదించాను. సభల్లో చప్పట్లు కొట్టించిన వాదనలన్నీ అక్కడ ఖర్చయిపోయాయి.

"ఏటి మాస్టారూ, దుకాన్ లచ్చిమిని పట్టుకుని జబ్బంటారేటి? ఒక్కో గుట్టా ఒక్కో బరకత్తు, కలిసొచ్చే గుర్తు!" అని నవ్వేవాడు.

చివరికి మా మేనత్త నా వెంట వచ్చింది. రైల్వే ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. తాబేలు డిప్ప అంచును వేలితో నొక్కింది. మెత్తగా లోపలికి పోయింది.

"ఏం నాయనా, మీ చిన్నదానికి దొడ్డికాళ్లొస్తే ఎండలో తిప్పమన్నాను, కాల్షియం పట్టమన్నాను. గుర్తుందా?"

"ఎలా మర్చిపోతాను సిస్టరమ్మా? ఇప్పుడది సైకిల్ తొక్కతంది."

"ఇదీ అదే జబ్బు."

ఆయన నవ్వు ఆగిపోయింది. భుజం మీది తువ్వాలుతో బొట్లన్నీ తనే తుడిచి, తొట్టి మా చేతికిచ్చాడు.

అటవీశాఖకు కబురు పెట్టాం. కోలుకునేదాకా మా దగ్గరే ఉంచమని వాళ్లు కాగితం రాసిచ్చారు. పశువుల డాక్టరు మాత్రం, పొట్ట ఈడ్చుకుంటున్న ఆ ప్రాణి మళ్లీ లేచి నడుస్తుందని మాట ఇవ్వలేనన్నాడు. నేను ఉత్సాహంగా ఇంకా పెద్ద తొట్టి కొనుక్కొచ్చి నిండా నీళ్లు పోశాను.

"ఒరేయ్, ఊరందరినీ ఋజువులడుగుతావే, దీని కాళ్లెప్పుడైనా చూశావా?" అంది అత్త. చూశాను. ఈదే కాళ్లు కావు. ఏనుగు కాళ్లకు మల్లే పొట్టిగా, బండగా, నేల కోసమే పుట్టిన కాళ్లు. మూఢనమ్మకాల మీద పుస్తకాలు రాసినవాణ్ని, తాబేలంటే నీళ్లేనని నేనూ నమ్మేశాను!

పొద్దుటెండ, పెరటి గడ్డి, మందారాకులు, వాటి మీద చల్లిన కాల్షియం పొడి. నాలుగో నెలలో ఒక ఉదయం, మందార పువ్వు రెండడుగుల దూరంలో రాలింది. తాబేలు మెడ చాచింది. కాళ్లు వణికాయి. పొట్ట నేలను వదిలింది! ఒక అడుగు, ఇంకో అడుగు, పువ్వు నోట్లోకి.

"స్తోత్రం ప్రభువా!" అని అత్త కేక పెట్టింది.

"కాల్షియం!" అని నేను కేక పెట్టాను. ఇద్దరం ఏడుస్తున్నాం కాబట్టి ఆ చర్చ అక్కడితో వాయిదా పడింది.

అటవీశాఖ కాగితం ఏటేటా కొత్తదవుతూనే ఉంది. ఇప్పుడు అత్త చేతికర్రతో పెరట్లో తిరుగుతుంది. మలుపు దగ్గర తాబేలే ముందుంటుంది. గుట్టలు పోలేదు, పోవు కూడా. కానీ వాటి అంచున, గోరంత వెడల్పున, కొత్త డిప్ప చదునుగా, గట్టిగా వచ్చింది. కాలం పాతదాన్ని చెరపదు. దాని పక్కనే సరైనదాన్ని పెంచుకోవడానికి చోటిస్తుంది.