పైవేవీ కావు

దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లో గ్రూప్స్ అభ్యర్థులకు ప్రపంచ ఇంధన వనరులు బోధించే పట్టాభి గారికి చైనా ఎంత బొగ్గు కాలుస్తుందో, ఐరోపాకు గ్యాస్ ఎక్కణ్ణుంచి వస్తుందో, గల్ఫ్ చమురు ఇంకెన్నేళ్లకు సరిపోతుందో కాగితం చూడకుండా వచ్చు. సుద్దముక్క కొసను గోటితో గిల్లుతూ ప్రతి విషయాన్నీ నాలుగు ఆప్షన్లలోనే చెబుతారు. "పైవేవీ కావు అన్నదాని జోలికి పోకండి, జాగా నింపడానికి పెడతారండీ అది" అని ఇరవై ఏళ్లుగా హెచ్చరిస్తున్నారు.

భార్య గుంటూరు వెళ్లిన మూడో రోజు పొద్దున, టీ సగం కాగాక పొయ్యి ఆరిపోయింది. టీ పడందే ఆయనకు గొంతు పెగలదు. క్లాసుకు అరగంటే ఉంది. అయిదు అగ్గిపుల్లలు గీసి, ఇంటి ఓనరు కొమురమ్మను పిలిచారు.

"రెగ్యులేటరా, పైపా, బర్నరా, లేక పైవన్నీనా అమ్మా?"

కొమురమ్మ సిలిండరును తడిగుడ్డతో పైనుంచి కిందికి తుడిచింది. గ్యాస్ ఉన్నంత మేర తడి నిలవాలి. చూస్తుండగానే అంతా ఆరిపోయింది.

"గవేం గావు సారూ. గ్యాసే ఒడిసింది. జర ముందుగాల చూస్కోవాలె గద."

ఆమె ఇచ్చిన చాయ్‌తో గొంతు సవరించుకుని, గల్ఫ్ చమురు ఇంకెన్నేళ్లు వస్తుందో ఆ పూట క్లాసులో ఆయన కచ్చితంగా చెప్పారు.