ఒక్క ‘రన్’తో షిఫ్టు అప్పగింత

శశికళమ్మ ఇంగ్లీషులో షిఫ్టు అప్పగించిన మధ్యాహ్నం గుర్తొస్తే నాకు ఇప్పటికీ కూర్చోబుద్ధి కాదు. లేచి నిలబడి, చేతులూపుతూ చెప్పాలనిపిస్తుంది. మా ఇంట్లోవాళ్ళు ఇప్పటికే చాలాసార్లు విని విసిగిపోయారు, కాబట్టి మీరు దొరికారు.

మాది మూడు రాష్ట్రాలు కలిసేచోట, సూళగిరి పారిశ్రామిక ఎస్టేటులో బైకు అద్దాలకు ప్లాస్టిక్ డొప్పలు పోసే ఫ్యాక్టరీ. నాది కుప్పం దగ్గర పల్లె, పేరు శ్రీనివాస్. డొప్పలు బాగున్నాయో లేదో చూసి పంపడం నా పని. శశికళమ్మది అత్తిముగం పక్కన పల్లె. అత్తింటివాళ్ళకు గొర్రెలున్నాయి, భర్త ముత్తప్ప వాటి వెనకే తిరుగుతాడు. ఆమె ఫ్యాక్టరీలో ఊడ్చే పనికి చేరి, డొప్పల అంచులు గీకే పనికి వచ్చి, చివరికి మెషిన్ దగ్గరికి చేరింది. ఇంట్లో తెలుగు, ఆఫీసులో తమిళం, బేరిగై సంతలో కన్నడం. మూడింట్లోనూ గలగలా పోట్లాడగలదు. నోరు పెద్దది, మనసు అంతకంటే పెద్దది.

మా షిఫ్టు లీడరు ఉద్యోగం మానేసి బెంగళూరు వెళ్ళిపోయాడు. ఆ పని శశికళమ్మకే రావాలని లైనంతా అనుకుంది. మేనేజరు గోపీచంద్ గారికీ మనసులో అదే ఉంది, కానీ ఒక చిక్కు వచ్చి పడింది. మా తర్వాతి షిఫ్టు లీడరు ఉపేంద్రది ఒడిశా. అతనికి మన మూడు భాషల్లో ఒక్కటీ రాదు, శశికళమ్మకు హిందీ రాదు. ఇద్దరి మధ్యా ఉన్నది ఇంగ్లీషు ఒక్కటే.

మా దగ్గర షిఫ్టు మారేటప్పుడు ఒక పద్ధతి ఉంది. దిగిపోయే లీడరు బోర్డు ముందు నిలబడి ఏ మెషిన్ ఎలా ఉందో చెప్పాలి. ఎక్కే లీడరు విన్నదంతా తిరిగి చెప్పాలి. అతను సరిగ్గా చెబితేనే అప్పగింత అయినట్టు. అదంతా రెండు గంటల సైరన్ మోగేలోపు పూర్తి కావాలి.

“ఒకసారి అప్పగించి చూపించండమ్మా. కుదరకపోతే బయటినుంచి మనిషిని తీసుకుంటాను” అన్నారు గోపీచంద్ గారు.

ఆమెకు నేర్పే భారం నేనే నెత్తికెత్తుకున్నాను. కంపెనీ బస్సులో పక్కన కూర్చుని, ఆగిపోయిందంటే ఒక మాట, అయిపోయిందంటే ఒక మాట, కారుతోందంటే ఇంకో మాట అని చెబుతూ పోయాను. బస్సు దిగేలోపు అన్నీ మర్చిపోయేది. విసుగొచ్చి ఒకరోజు నా ఫోన్‌లో డిక్షనరీ తెరిచి, మా అందరికీ తెలిసిన ‘రన్’ అన్న మాట కొట్టాను. అర్థాలు వస్తూనే ఉన్నాయి. మనిషి పరుగెత్తినా రన్నే, మెషిన్ నడిచినా రన్నే. నీళ్ళు పారినా, సరుకు అయిపోవస్తున్నా, కొట్టు నడిపినా, ఎన్నికల్లో నిలబడినా అదే మాట. వేలితో తోసి తోసి నాకు నవ్వొచ్చింది.

“ఒక్క మాటకు ఇన్ని పనులా! ఇదెక్కడి భాషమ్మా!” అన్నాను.

“దానికేమప్పా, మన ‘పడు’ లేదా?” అంది ఆమె. “వాన పడుతుంది. మనసు పడుతుంది. మందు ఒంటికి పడుతుంది. మా అత్తకీ నాకూ పడదు. దీంట్లో ఎవురన్నా కింద పడినారా?”

బస్సంతా ఘొల్లుమంది. నేను సీట్లోంచి లేచి నిలబడ్డాను. నిజమే కదా! అన్ని మాటలు ఎందుకు? ఈమెకు ఈ ఒక్కటి చాలు!

ఇక అక్కడినుంచి ఆమెను పట్టుకోలేకపోయాం. ‘రన్నింగ్ గుడ్’, ‘రన్నింగ్ హాట్’, ‘రన్ అవుట్’ అంటూ తిరిగేది. ఇంట్లో ముత్తప్పను ఉపేంద్రను చేసింది. ఆమె చెప్పడం, ఆయన తిరిగి చెప్పడం. ఒక్క ముక్క అర్థం కాకపోయినా ఆయన పొల్లు పోకుండా అప్పజెప్పేవాడట. ఆ సందడిలో గొర్రెలు పక్కవాళ్ళ ఉలవ చేలో పడ్డాయని, వాళ్ళు వచ్చి తిట్టిపోయారని కూడా నవ్వుతూ చెప్పింది.

ఆ రోజు రానే వచ్చింది. పొద్దున్నుంచి నాకు టీ కూడా దిగలేదు. ఇంకాసేపట్లో సైరన్ అనగా మూడో మెషిన్‌లో నీళ్ళ పైపు పగిలింది. ప్లాస్టిక్ పోసే ఇనుప అచ్చును, అదే మోల్డ్‌ను, చల్లబరిచేది ఆ నీళ్ళే. శశికళమ్మ ఒక్క ఉదుటున వెళ్ళి మెషిన్ ఆపింది, వాల్వు కట్టేసింది, నేల తుడిపించింది. తల సవరించుకుంటూ బోర్డు దగ్గరికి వచ్చేసరికి గోపీచంద్ గారు, ఉపేంద్ర సిద్ధంగా ఉన్నారు. మధ్యలో ఎవరూ నోరెత్తకూడదని సారు ముందే చెప్పారు.

ఆమె గొంతు సవరించుకుంది. ఇన్నాళ్ళూ ముత్తప్ప ముందు వల్లెవేసిన పాఠం గడగడా బయటికొచ్చింది. “ఆల్ మెషిన్ రన్నింగ్ గుడ్! వన్ రన్నింగ్, టూ రన్నింగ్, త్రీ రన్నింగ్, ఫోర్ రన్నింగ్!”

మూడోది ఎక్కడ నడుస్తోంది తల్లీ! షిఫ్టు మారేటప్పుడు మెషిన్లన్నీ కాసేపు ఆపే ఉంచుతాం, కాబట్టి కొత్తగా వచ్చినవాడికి చూస్తే తెలియదు. ఉపేంద్ర చక్కగా తిరిగి చెప్పాడు. గోపీచంద్ గారు “వెరీ గుడ్” అని తల ఊపారు. శశికళమ్మ ముఖం వెలిగిపోయింది. అయిపోయింది, ఆమె గెలిచేసింది. ఉపేంద్ర నేరుగా మూడో మెషిన్ బటన్ వైపు నడిచాడు.

“ఆగప్పా!”

ఆ కేక షెడ్డంతా మోగింది. ఉపేంద్రకు తెలుగు రాకపోయినా కాలు ఆగిపోయింది. శశికళమ్మ పరుగున వెళ్ళి అతనికీ మెషిన్‌కూ మధ్య నిలబడింది.

“నో! రాంగ్! ఐ సే రాంగ్! త్రీ నాట్ రన్నింగ్. వాటర్ రన్నింగ్ అవుట్‌సైడ్. ఇన్‌సైడ్ నో వాటర్. యూ రన్ త్రీ, మోల్డ్ రన్ హాట్, మోల్డ్ బ్రేక్! ఫస్ట్ పైప్ చేంజ్. దెన్ స్మాల్ రన్. యూ సీ. గుడ్, దెన్ ఫుల్ రన్!”

ఇది ఏ పాఠంలోనూ లేదు. నేను నేర్పింది కాదు. పగిలిన పైపు చూపిస్తూ, చేతులతో నీళ్ళు పారిస్తూ, ఆ ఒక్క మాటనే అటూ ఇటూ తిప్పి అంతా చెప్పేసింది. నాకు ఒళ్ళు పులకరించింది, చెప్పడానికి సిగ్గెందుకు! ఉపేంద్ర పైపును తడిమి చూశాడు. “త్రీ నాట్ రన్. పైప్ చేంజ్. స్మాల్ రన్. చెక్…” అంటూ తిరిగి చెబుతుండగానే సైరన్ కూసింది.

పద్ధతి ప్రకారం అప్పగింత సమయానికి పూర్తి కాలేదు. ఉపేంద్ర మాత్రం ఆగకుండా మిగిలింది చెప్పేసి, “ఓకే దీదీ” అన్నాడు.

గోపీచంద్ గారు దగ్గరికి వచ్చారు. “మొదట చెప్పింది అలాగే వదిలేసి ఉంటే మీకు లీడరు పని వచ్చేసేది కదమ్మా. నేను ఒప్పుకున్నాను కూడా.”

శశికళమ్మ చెమట తుడుచుకుంది. “నాకు పని వచ్చేదానికి ఆయప్ప చేతిలో మెషిన్ పగలాల్నా సార్? నేను తప్పు చెప్పినా, ఆయప్ప దాన్నే నమ్మి బటన్ నొక్కుతా ఉన్నాడే!”

సారు బోర్డు దగ్గరికి వెళ్ళి, మా పాత లీడరు పేరు చేత్తోనే తుడిచేసి, శశికళ అని రాశారు.

నేను ఈల వేశాను. లైనంతా చప్పట్లు. నాకైతే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆమె బోర్డు వైపు ఒకసారి చూసుకుంది, వెంటనే నా వైపు తిరిగింది.

“శీనప్పా, ఈడ పళ్ళు చూపిస్తా నిలబడితే ఎట్ల? స్టోరుకు పోయి కొత్త పైపు ఎత్తుకోని రాపో. ఆయప్ప ఎంతసేపు కాసుకోని ఉంటాడు?”