తప్పు నాదే అనే నానాజీ

నానాజీకి ఒకటే జబ్బు. లోకంలో ఎక్కడ ఏది చెడిపోయినా తప్పు తనదేనంటాడు. రైలు ఆలస్యమైతే, "నిన్న స్టేషన్ గడియారం కేసి అదే పనిగా సూసేను, నా దిష్టే తగిలుంటాది" అంటాడు. వాన పడకపోతే, గొడుగు కొన్నందుకు తప్పు తనదే.

అనకాపల్లి కూడళ్ళలో హైమాస్టు లైట్లు చూసే కాంట్రాక్టరు దగ్గర ఆయన ఎలక్ట్రీషియన్. ఆరేళ్ళు ఆయనతో కలిసి పనిచేసిన తారక్ మొదట్లో ఈ మాటకి కడుపుబ్బ నవ్వేవాడు. ఇప్పుడు తలుచుకుంటే ఆ నవ్వు సగం దూరం వచ్చి ఆగిపోతుంది, మోటారు చెడిన దీపాల చట్రంలాగా.

ఇరవై మీటర్ల స్తంభం, కొసన పన్నెండు దీపాల చట్రం. కింద తలుపు తీసి మోటారు నడిపితే ఇనప తాళ్ళ మీద ఆ వెలుగంతా చుట్టంచూపుగా నేలకి దిగి వస్తుంది.

ఒకసారి బెల్లం మార్కెట్ దగ్గర చట్రం సగంలో ఆగిపోయింది. మోటారు మూలుగుతోంది, కదలదు. మూడు ఫేజుల్లో ఒకటి రావడం లేదు. తారక్ టెస్టరు పట్టుకుని గంట వెతికాడు. ఎవరైనా ముట్టుకున్నారా అని అడిగితే చుట్టూ ఉన్నవాళ్ళందరూ ఆకాశం కేసి చూశారు.

నానాజీ వచ్చి తలుపు ముందు గొంతుక్కూర్చుని లెంపలేసుకున్నాడు. "తప్పు నాదే. కిందటిసారి స్క్రూ బిగించినట్టు లేను."

చెరుకు రసం బండి సోములు ఆగలేకపోయాడు. "ఊరుకో బాబూ, నీదేటి తప్పు! నా బండి కాడ లైటుకని నానే అందులోంచి వైరు లాగేను. నిన్న కాలిన వాసనొత్తే దడిసి మూతెట్టీసేను."

రెండు నిమిషాల్లో కాలిన జాయింటు దొరికింది.

"టెస్టరు కంటే నీ లెంపలే నయం మామా," అన్నాడు తారక్.

"దడిసినోడు నిజం సెప్పడు అల్లుడూ."

ఆ మందు ఊరందరికీ పనిచేసింది, ఒక్క తారక్‌కి తప్ప.

నిరుడు కొత్త కేబులు వేసిన రోజు మోటారుకి వైర్లు కలిపింది తారక్. కలిపాక ఒకసారి నడిపి చూడాలి. సినిమాకి టైమైందని చూడలేదు. రెండు ఫేజులు తారుమారై, మోటారు ఎదురు తిరిగేలా తయారైంది. మర్నాడు పొద్దున్న దింపే బటన్ నొక్కితే చట్రం ఇంకా పైకి గుంజుకుని, ఒక తాడు తెగి, వంకరగా వేలాడింది.

"ఎవరయ్యా ఈ వైర్లు కలిపింది?" అన్నాడు ఇంజనీరు దేవీప్రసాద్.

"నేనేనండి. తప్పు నాదే," అన్నాడు నానాజీ.

తారక్ నోరు తెరిచాడు. గాలి తప్ప ఏమీ రాలేదు. మామకి అలవాటే కదా, రేపు చెబుదాంలే అనుకున్నాడు.

ఆ రేపటి కంటే ముందే ఆర్డరు వచ్చింది. నానాజీ ఇక మాస్టు ముట్టుకోకూడదు, స్టోరులో కూర్చోవాలి. రిటైరయ్యేదాకా పదకొండు నెలలు ఆయన స్టోరు కిటికీలోంచి ఎదుటి కూడలిలో స్తంభాన్ని చూస్తూ కూర్చున్నాడు. సాయంత్రం దీపాలు వెలగ్గానే వేలితో ఒక్కొక్కటీ లెక్కపెట్టి, "పన్నెండూ ఉన్నాయి అల్లుడూ" అనేవాడు.

"మామా, ఒక మాట."

"సెప్పు."

"టీ తాగుదామా?"

పదకొండు నెలలూ అదే మాట.

ఆయన రిటైరయిన మూడోవారం తారక్ సబ్బవరం రోడ్డులో వాళ్ళింటికి వెళ్ళాడు. చెప్పులైనా విప్పకుండా, "మామా, ఆ వైర్లు కలిపింది నేను," అన్నాడు.

"తెలుసు."

"తెలుసా!"

"ఎడం సేత్తో టేపు సుట్టేవోడివి మనలో నువ్వొక్కడివే. తలుపు తియ్యగానే సూసేను."

"మరి అడగలేదేటి?"

నానాజీ మొహం దించుకున్నాడు. "తప్పు నాదే అల్లుడూ. నువ్వు నోరు తెరిసేవు, సూసేను. నేనే తొందరపడి ఒప్పీసుకున్నాను. ఒక్క నిమిషం ఆగుంటే నువ్వే సెప్పీద్దువు."

"నీ పదకొండు నెలలు పాడు చేసేను మామా."

"పాడేటి? కిటికీలోంచి దీపాలు భలేగా కనపడతాయి. కింద నిలబడితే మెడ నొప్పి."

ఆయన భార్య అప్పలకొండమ్మ టీ తెచ్చింది. ఒక్కో గుక్క తాగి ఇద్దరూ ఆగిపోయారు. అనకాపల్లిలో, బెల్లం వెయ్యని టీ!

నానాజీ నోరు తెరిచాడు. ఈసారి తారక్ ముందున్నాడు.

"తప్పు నాదే అత్తా. నేనొచ్చి నిన్ను కంగారు పెట్టేను."

నానాజీ నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది. రిటైరయిన రోజున కూడా ఆయన ఇంతగా ఉద్యోగం పోయినవాడిలా కనిపించలేదు.